సర్కారు తుమ్మ ఇక ప్రోసోపిస్ కాదు, జమ్మి మాత్రం ప్రోసోపిసే: ప్రజాతి ఎందుకు మారుతుంది, ఎలా మార్చాలి

మీరు అడిగినవి నాలుగు. సర్కారు తుమ్మను ఇప్పుడు నెల్టుమా జూలిఫ్లోరా అంటున్నారు, అది నిజమేనా, పాటించి తీరాలా? నిన్నటిదాకా అదే ప్రజాతిలో (జీనస్‌లో) ఉన్న జమ్మి పేరు ఎందుకు మారలేదు? కాలేజీ హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల భండారంలో) షీట్లు, జాబితా ఎలా సరిచేయాలి? రేపు మీరే ఒక మొక్కను కొత్త ప్రజాతిలోకి మార్చాల్సి వస్తే ఏ దారిలో వెళ్లాలి? మొదటి మూడూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి కాబట్టి కలిపి చెబుతాను, నాలుగోది చివర్లో.

మార్పు నిజమే. 2022లో కొలిన్ హ్యూస్, యెన్స్ రింగెల్‌బర్గ్, గ్విలిమ్ లూయిస్, సాంటియాగో కాటలానో కలిసి ఫైటోకీస్ అనే వృక్షశాస్త్ర పత్రికలో ప్రోసోపిస్ ప్రజాతిని విడగొట్టారు. అప్పటిదాకా అందరూ వాడుతున్నది అర్జెంటీనా శాస్త్రవేత్త బుర్కార్ట్ 1976లో చేసిన వర్గీకరణ. అందులో 44 జాతులు ఉన్నాయి. ఆసియా, ఆఫ్రికా, అమెరికా మొక్కలన్నీ ఒకే గూటిలో. ఈ గూడు సరిగా లేదన్న అనుమానం చాలాకాలంగా ఉంది కానీ, 997 కేంద్రక జన్యువులతో చేసిన వంశవృక్షం వచ్చాక వాదించడానికి ఏమీ మిగల్లేదు.

ఆ వంశవృక్షం చెప్పింది ఇది. ప్రోసోపిస్ అనుకున్నది ఒకే సంతతి కాదు, వేర్వేరు చోట్ల పుట్టిన మూడు శాఖలు. ఆఫ్రికాలోని ప్రోసోపిస్ ఆఫ్రికానా ఒక్కటే ఎక్కడో దూరంగా, మొదట్లోనే విడిపోయి ఉంది. మన జమ్మి, దాని పశ్చిమాసియా బంధువులు కలిసి రెండో శాఖ. వీటికి అతి దగ్గరి చుట్టం అమెరికా ప్రోసోపిస్ కాదు, భారత్–నేపాల్ తరాయి అడవుల్లో పెరిగే ఇండోపిప్టాడీనియా. దాని ఆకు చూస్తే జమ్మికి చుట్టమని ఎవరూ అనుకోరు, పెద్ద పెద్ద చిట్టాకులు కొద్దిగానే ఉంటాయి. మూడోది అమెరికా శాఖ. అందులోపల దక్షిణ ఆఫ్రికా, నమీబియా ఎడారి అంచుల్లో ఉండే జీరోక్లేడియా అనే చిన్న పొద ఇరుక్కుని ఉంది.

ఇలాంటప్పుడు దారులు రెండే: కలపడం, విడగొట్టడం. కలపాలంటే ఎంత కలపాలో లెక్క వేయండి. ఆఫ్రికానాకూ మిగతా వాటికీ మధ్య తుమ్మలు, దిరిసెన, సుబాబుల్, అత్తిపత్తి అన్నీ వస్తాయి. ప్రోసోపిస్‌ను ఒకే సంతతిగా నిలపాలంటే వీటన్నింటినీ అందులో పోయాలి. పోసినా ఆ మొత్తానికి ప్రోసోపిస్ అన్న పేరు కూడా దక్కదు. ప్రోసోపిస్ 1767 నాటిది, అత్తిపత్తి ప్రజాతి మైమోజా 1753 నాటిది, పాత పేరే గెలుస్తుంది. అప్పుడు జమ్మి, దిరిసెన, సుబాబుల్ అన్నీ మైమోజాలే అవుతాయి. ఎవరికీ పనికిరాని వర్గీకరణ అది. అందుకే విడగొట్టారు, సరిగానే చేశారని నా అభిప్రాయం. ఫలితం నాలుగు ప్రజాతులు: ఆఫ్రికానాకు అనోనికియం, అమెరికా మొక్కలకు నెల్టుమా, స్ట్రాంబోకార్పా, ఇక ప్రోసోపిస్ అన్న పేరు కింద మూడంటే మూడు జాతులు: సినరేరియా (మన జమ్మి), ఫార్క్టా, కోయెల్జియానా. ఇండోపిప్టాడీనియా, జీరోక్లేడియా ఎప్పటిలాగే ఉన్నాయి. మొత్తం 57 కొత్త పేర్ల కూర్పులు (పాత జాతి పదాన్ని వేరే ప్రజాతి పేరుతో జతచేసినవి) ఆ ఒక్క వ్యాసంలో వచ్చాయి.

కొత్త ప్రజాతి అంటున్నాం గానీ ఈ పేర్లలో ఒక్కటీ కొత్తది కాదు. నెల్టుమా అన్న పేరు వృక్షశాస్త్రజ్ఞుడు రాఫినెస్క్ 1838లో పెట్టాడు. స్ట్రాంబోకార్పా ప్రజాతి స్థాయిలో 1845 నాటిది. ఇన్నేళ్లూ ఇవి ప్రోసోపిస్‌కు పర్యాయనామాలుగా (వాడుకలో లేని మారుపేర్లుగా) పడి ఉన్నాయి, 2022లో లేపి నిలబెట్టారు. రాఫినెస్క్ తన కాలంలో అడ్డూ అదుపూ లేకుండా పేర్లు పెట్టేస్తాడని తిట్లు తిన్నవాడు. అదే 1838లో ఆయన పెట్టిన సెనెగాలియా అన్న పేరు కిందికే మన సండ్ర, శీకాయ వెళ్లాయి. నామకరణ నియమాలకు మనిషి పరువు అక్కర్లేదు, తేదీ చాలు.

ఇప్పుడు జమ్మి సంగతి. ఒక ప్రజాతి చీలితే పాత పేరు ఏ ముక్కకు దక్కుతుందన్నది ఎక్కువ జాతులు ఎటు ఉన్నాయో చూసి తేల్చరు, వాడకం ఎక్కడ ఎక్కువో చూసి కూడా తేల్చరు. టైప్, అంటే ఆ పేరుకు ఆధారంగా కట్టిన నమూనా, ఎటు ఉంటే పేరు అటే. లిన్నేయస్ ప్రోసోపిస్ ప్రజాతిని స్థాపించినప్పుడు అందులో పెట్టింది ఒకే ఒక్క జాతి, ప్రోసోపిస్ స్పైసిజెరా. అదే జమ్మి. అమెరికా మొక్కలు ఆ తర్వాత వచ్చి చేరినవే. నలభైకి పైగా జాతులున్న నెల్టుమా పేరు మార్చుకుంటే, మూడు జాతులున్న జమ్మి గుంపు పేరు నిలబెట్టుకుంది.

ఇక్కడ విద్యార్థులు తరచూ పొరబడే చోటు ఒకటుంది. స్పైసిజెరా అన్న పేరు ఇప్పుడు చెల్లదు కదా, సినరేరియా అంటున్నాం కదా, మరి టైప్ ఎలా అవుతుంది అంటారు. లిన్నేయసే అంతకుముందు మైమోజా కింద ఇదే మొక్కకు సినరేరియా అని పెట్టాడు. ఆ పదం పాతది కాబట్టి డ్రూస్ 1914లో దాన్ని ప్రోసోపిస్‌లోకి తెచ్చాడు. జాతి స్థాయిలో పర్యాయనామం అయినంత మాత్రాన స్పైసిజెరా టైప్ హోదా పోదు. టైప్ అనేది పేరుకు కట్టిన నమూనా, ఆ నమూనా జమ్మిదే, జమ్మి ఏ పేరుతో ఉన్నా ప్రోసోపిస్ దానితోనే ఉంటుంది. గ్యాంబుల్ రాసిన మద్రాసు ఫ్లోరా (ఆ ప్రాంత మొక్కల గ్రంథం) చూసి పేర్లు రాసిన పాత షీట్ల మీద ప్రోసోపిస్ స్పైసిజెరా అని కనబడితే అది జమ్మేనని అర్థం చేసుకోండి.

టైప్‌ను మార్చడం అసాధ్యమేమీ కాదు, అకేసియా కథ అదే. అకేసియాకు టైప్ మన నల్ల తుమ్మ. ఆస్ట్రేలియాలో సుమారు వెయ్యి జాతులున్నాయి, అవన్నీ పేరు మార్చుకోవాల్సి వస్తుందని 2003లో ఆర్చర్డ్, మాస్లిన్ ఒక ప్రతిపాదన పెట్టారు: టైప్‌ను ఆస్ట్రేలియా జాతి అయిన అకేసియా పెన్నినెర్విస్‌కు మార్చాలని. 2005 వియన్నా వృక్షశాస్త్ర మహాసభలో, ఈ మార్పును సమర్థించిన కమిటీ సిఫార్సుకు వ్యతిరేకంగా 247 ఓట్లు, అనుకూలంగా 203 పడ్డాయి. వ్యతిరేకులే ఎక్కువ. కానీ సిఫార్సును తోసిపుచ్చడానికి 60 శాతం కావాలన్నారు, వచ్చింది 54.9. దాంతో ప్రతిపాదన నిలిచింది, 2011 మెల్‌బోర్న్ సభలో అది ఖాయమైంది. నల్ల తుమ్మ వేచెల్లియా నిలోటికా అయింది, తెల్ల తుమ్మ వేచెల్లియా ల్యూకోఫ్లోయియా అయింది. వేచెల్లియాను 1834లో స్థాపించిన వైట్, ఆర్నాట్ దక్షిణ భారత మొక్కల మీద పనిచేసినవాళ్లే. ఓటింగ్ పద్ధతి న్యాయమా కాదా అన్న గొడవ నాకు తెలిసిన వృక్షశాస్త్రజ్ఞుల్లో ఇంకా చల్లారలేదు. ప్రోసోపిస్ విషయంలో అలాంటి తంతు జరగలేదు, టైప్ ఉన్నచోటే పేరు ఉంది.

పాటించి తీరాలా అన్నారు. నామకరణ నియమావళి మిమ్మల్ని ఏ వర్గీకరణనూ ఒప్పుకోమని బలవంతపెట్టదు. ఫలానా హద్దులు ఒప్పుకుంటే సరైన పేరు ఇది, అని మాత్రమే చెబుతుంది. ప్రోసోపిస్ జూలిఫ్లోరా ఇప్పటికీ సక్రమంగా ప్రచురితమైన పేరే, రద్దు కాలేదు. కానీ అది వాడితే 1976 నాటి గూటిని మీరు ఒప్పుకుంటున్నట్టు. ఆ గూడు ఒకే సంతతి కాదని తేలాక దాన్ని సమర్థించడం కష్టం. క్యూ ఉద్యానవనం వారి ప్లాంట్స్ ఆఫ్ ద వరల్డ్ ఆన్‌లైన్ నెల్టుమానే స్వీకరించింది. నా సలహా: శాస్త్రీయ రాతల్లో నెల్టుమా వాడండి, మొదటిసారి వచ్చిన చోట పాత పేరును పక్కన ఇవ్వండి. అటవీ శాఖ ఉత్తర్వులు, ప్రభుత్వ జాబితాలు, చట్టాల షెడ్యూళ్లలో ఏ పేరు అచ్చయి ఉంటే దాన్ని ఉటంకించేటప్పుడు అలాగే ఉంచండి, కొత్త పేరు పక్కన రాయండి. చట్టంలోని పేరును మీరు సరిచేయలేరు. ప్రజల జీవవైవిధ్య రిజిస్టర్లో అయితే ముందు ఊరి పేరు రాయండి, సర్కారు తుమ్మ, కంపచెట్టు, చిల్లచెట్టు, ఆ ఊళ్లో ఏదంటే అది. తర్వాతే లాటిన్.

విడగొట్టడంలో నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. ఈ ప్రజాతుల తేడా ల్యాబ్‌లోనే కాదు, చేను గట్టు మీద నిలబడి కూడా చూడొచ్చు. ముల్లు ఎక్కడి నుంచి పుట్టిందో చూడండి. జమ్మి కొమ్మ తీసుకుంటే ముళ్లు కణుపుల మధ్య భాగంలో అక్కడక్కడా చెల్లాచెదురుగా ఉంటాయి, పొట్టిగా, అడుగున వెడల్పుగా. అవి పైపొర నుంచి వచ్చినవి, పక్కకు నొక్కితే ఊడి వస్తాయి. సర్కారు తుమ్మ ముల్లు కణుపు దగ్గరే, ఆకు గ్రీవంలో (ఆకు, కొమ్మ కలిసే మూలలో) పుడుతుంది, ఒంటిగానో జంటగానో. అది రూపం మారిన కొమ్మ, లోపల నాళాలుంటాయి, పీకితే చెక్కతో సహా చీలుతుంది. స్ట్రాంబోకార్పాలో పత్రపుచ్ఛాలే ముళ్లవుతాయి, మన నల్ల తుమ్మలో లాగా, ఆకు మొదట్లో రెండు పక్కలా. దాని కాయ స్క్రూలా మెలికలు తిరిగి ఉంటుంది. అనోనికియానికి ముళ్లే లేవు. బుర్కార్ట్ కూడా తన విభాగాలను ముళ్లనుబట్టే చేశాడు, ఆ విభాగాలే ఇప్పుడు ప్రజాతులుగా నిలిచాయి. అంటే ఆయన చూపు తప్పు కాదు, స్థాయి ఒక్కటే మారింది.

జాగ్రత్త ఒకటి. సర్కారు తుమ్మలో ముళ్లు లేని చెట్లు కూడా కనిపిస్తాయి, లేత రెమ్మల్లో కూడా ముల్లు సరిగా ఏర్పడకపోవచ్చు. అప్పుడు కాయ చూడండి. జమ్మి కాయ సన్నగా, గుండ్రంగా, వేలాడుతూ ఉంటుంది. సర్కారు తుమ్మది పచ్చగడ్డి ఎండిన రంగులో, కాస్త నొక్కినట్టు, గుజ్జు తియ్యగా, లోపల ఒక్కో గింజ చుట్టూ గట్టి పెంకు గదులుగా ఉంటుంది. నల్ల తుమ్మతో గందరగోళం పడేవాళ్లు పూలు చూస్తే చాలు: నల్ల తుమ్మకు పసుపు గుండ్లు, ఈ రెండింటికీ పొడుగు కంకులు.

హెర్బేరియం పనికి వద్దాం. మొదట చేయకూడనిది: ఎక్సెల్ జాబితా తెరిచి ప్రోసోపిస్ అన్న చోటల్లా నెల్టుమా అని ఒక్క దెబ్బకు మార్చేయడం. ఈ తప్పు చాలాచోట్ల జరుగుతోంది. దానివల్ల జమ్మి నెల్టుమా సినరేరియా అయిపోతుంది, అలాంటి మొక్క లేదు. జాతి జాతికీ విడిగా మార్చండి.

రెండో ఉచ్చు తప్పుగా అంటించిన పేర్లు. పాత భారతీయ జాబితాల్లో సర్కారు తుమ్మను ప్రోసోపిస్ చిలెన్సిస్ అని రాసినవి బోలెడు. దాన్ని యాంత్రికంగా నెల్టుమా చిలెన్సిస్ చేస్తే ఒక తప్పుకు కొత్త బట్టలు తొడిగినట్టు. పేరు మార్చేముందు షీటు బయటికి తీసి మొక్కను మళ్లీ గుర్తించాలి. జూలిఫ్లోరాను అదే ప్రజాతిలోని పల్లిడాతో పోల్చుకోవడం మరీ ముఖ్యం, ఈ రెండూ ఒకదానికొకటి బాగా పోలి ఉంటాయి, ప్రపంచమంతా తికమకపడ్డారు. ఆకు ఒక్కటే ఉన్న షీట్లో తేల్చలేకపోతే నెల్టుమా అని ప్రజాతి వరకే రాసి ఆపేయడం మర్యాద. సర్కారు తుమ్మ 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతానికి వచ్చినట్టు నమోదై ఉంది. ఆ చుట్టుపక్కల పాత సేకరణలు మీ దగ్గర ఉంటే వాటికి విలువ ఎక్కువ, లేబుల్ మీద ఒక్క అక్షరం కూడా పోనివ్వకండి.

మూడోది కర్తల పేర్లు. నెల్టుమాలోని కూర్పులన్నీ 2022వి అనుకుని అన్నింటి వెనకా హ్యూస్, లూయిస్ అని తగిలిస్తున్నారు. జూలిఫ్లోరాను నెల్టుమాలో పెట్టింది రాఫినెస్కే. కాబట్టి నెల్టుమా జూలిఫ్లోరా (స్వార్ట్జ్) రాఫినెస్క్ అని రాయాలి. పల్లిడా అయితే నెల్టుమా పల్లిడా (హంబోల్ట్, బాన్‌ప్లాండ్ ఎక్స్ విల్డెనో) హ్యూస్, లూయిస్. బ్రాకెట్లో ఉన్నది ఆ జాతికి మొదట పేరు పెట్టినవారు, బయట ఉన్నది ఇప్పటి ప్రజాతిలోకి తెచ్చినవారు. సర్కారు తుమ్మ దారి ఇలా ఉంటుంది: 1788లో స్వార్ట్జ్ మైమోజా జూలిఫ్లోరా, 1825లో డి కాండోల్ ప్రోసోపిస్ జూలిఫ్లోరా, 1838లో రాఫినెస్క్ నెల్టుమా జూలిఫ్లోరా. ప్రజాతి రెండుసార్లు మారినా 1788 నాటి ఆ మొదటి పేరు, అంటే బేసియోనిం, టైప్ నమూనాను పట్టుకుని అలాగే ఉంది. మీ డేటాబేస్‌లో బేసియోనింకు ఒక కాలమ్ తప్పకుండా పెట్టండి. రేపు ఇంకెవరైనా మార్చినా ఆ కాలమ్ చూసి రికార్డులన్నీ ఒకచోటికి చేర్చుకోవచ్చు.

షీటు మీద పాత లేబుల్‌ను కొట్టేయకూడదు, దిద్దకూడదు, దాని మీద కొత్తది అంటించకూడదు. ఆమ్లం లేని కాగితం చిన్న ముక్క, పది సెంటీమీటర్ల పొడవు, మూడు నాలుగు వెడల్పు చాలు. దాని మీద కొత్త పేరు కర్తలతో సహా, గుర్తించినవారి పేరు, సంస్థ, సంవత్సరం చెరగని ఇంకుతో రాసి, అసలు లేబుల్‌కు పైన ఖాళీలో అంటించండి. మొక్కను మళ్లీ పరిశీలించకుండా కేవలం పేరు నవీకరిస్తుంటే ఆ మాట కూడా చీటీ మీద రాయండి, తర్వాత చూసేవాళ్లు దాన్ని కొత్త గుర్తింపుగా పొరబడకుండా ఉంటారు. సెల్లోటేపు వద్దు, పసుపెక్కి ఊడిపోతుంది, పోతూ కాగితాన్ని పాడుచేస్తుంది. మిథైల్ సెల్యులోజ్ జిగురు మేలు. ఆ తర్వాతే షీటును నెల్టుమా అని రాసిన కొత్త ప్రజాతి కవర్లోకి మార్చండి, ప్రోసోపిస్ కవర్లో ఒక చీటీ వదలండి, జూలిఫ్లోరా ఎటు వెళ్లిందో చెబుతూ. కవర్ల పైన కుటుంబం పేరు మైమోజేసీ అనో, ఉపకుటుంబం మైమోజాయిడే అనో ఉంటే, 2017 వర్గీకరణలో అది సిసాల్పినియాయిడే లోపలికి వెళ్లిందని గుర్తుంచుకోండి. బీరువాలన్నీ తిరగేయాల్సిన తొందర మాత్రం లేదు.

ఇదే పని పట్టుకుంటే మిగతావి కూడా చూడండి. తంగేడును ఇంకా కాసియా అని బోర్డులు రాస్తున్నారు, 1982లో ఇర్విన్, బార్నెబీ కాసియాను మూడుగా విడగొట్టినప్పటి నుంచి అది సెన్నా ఆరిక్యులేటా. రేల మాత్రం కాసియా ఫిస్టులాగానే ఉంది. శీకాయకు ప్రజాతితో పాటు జాతి పదం కూడా మారింది, అకేసియా కాన్సిన్నా కాస్తా సెనెగాలియా రుగేటా అయింది, రుగేటా అన్న పదం పాతది కాబట్టి.

ఇక మీ నాలుగో ప్రశ్న, మీరే మార్చాలంటే.

మొదటి పని ల్యాబ్ కాదు, గ్రంథాలయం. మీరు విడగొట్టాలనుకున్న గుంపుకు ఇదివరకే ఎవరైనా పేరు పెట్టారా చూడాలి. పాత పర్యాయనామాల జాబితా అంతా వెతికి, ఒక్కో ప్రజాతి పేరు టైప్ ఏదో, అది మీ గుంపులో పడుతుందో లేదో తేల్చుకోండి. పడితే ఆ పేరే వాడాలి, మీరు కొత్తది పెట్టడానికి లేదు. పెడితే అది పుట్టుకతోనే అనవసర నామం, చెల్లదు. మొక్కల పేర్ల ఆన్‌లైన్ సూచికలు ఐపీఎన్ఐ, ట్రాపికోస్, ప్రజాతి పేర్ల సూచిక ఇండెక్స్ నామినం జెనెరికోరం, మూడింటిలోనూ వెతకండి. మీరు ఎంచుకున్న కొత్త పేరు శైవలాల్లోనో శిలీంధ్రాల్లోనో ఇదివరకే ఉంటే కూడా పనికిరాదు, జంతువుల్లో ఉంటే ఫర్వాలేదు, వాటి నియమావళి వేరు.

తర్వాత నమూనాలు. వ్యాసాలు తిరస్కరణకు గురయ్యే అతిపెద్ద కారణం ఇక్కడే ఉంటుంది: పాత ప్రజాతి టైప్ జాతిని వంశవృక్షంలో చేర్చకపోవడం. టైప్ ఎటు పడుతుందో చూపించకుండా ఏ ముక్కకు పాత పేరు, ఏ ముక్కకు కొత్త పేరో చెప్పలేరు. టైప్ జాతి, ప్రతి ఉపవిభాగం నుంచి కనీసం ఒకటి రెండు జాతులు, దగ్గరి ప్రజాతులన్నీ, పోలికకు ఒక బయటి గుంపు, ఇవన్నీ ఉండాలి. జమ్మి కథలో ఇండోపిప్టాడీనియాను వదిలేసి ఉంటే జమ్మి నిజమైన చుట్టం ఎవరో తెలిసేదే కాదు. దగ్గరి చుట్టంలా కనబడని ఏకజాతి ప్రజాతులను ఎప్పుడూ వదలకండి.

ఆకు సేకరణలో లేత చిట్టాకులు తీసుకోండి. ముదురు ఆకుల్లో జిగురు, టానిన్లు ఎక్కువ, డీఎన్‌ఏ గోధుమ రంగులోకి తిరిగి పీసీఆర్ (డీఎన్‌ఏ ప్రతులు పెంచే ప్రక్రియ) ఆగిపోతుంది. సిలికా జెల్ ఆకు బరువుకు పది రెట్లు ఉండాలి, ఒక రోజులో ఆకు పెళపెళలాడేలా ఎండాలి, జెల్ రంగు మారితే వెంటనే మార్చాలి. నెమ్మదిగా ఎండిన ఆకులో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. డీఎన్‌ఏ వెలికితీసే సీటాబ్ పద్ధతిలో పీవీపీ అనే పదార్థం కలిపితే పాలిఫినాల్స్ తగ్గుతాయి. ప్రతి ఆకు పొట్లానికీ అదే చెట్టు నుంచి పూలో కాయలో ఉన్న హెర్బేరియం షీటు, అదే సేకరణ సంఖ్యతో ఉండాలి. వోచర్, అంటే ఆ సాక్షి షీటు, లేని సీక్వెన్సు సాక్ష్యం కాదు. రిజర్వు అడవిలో సేకరణకు అటవీ శాఖ అనుమతి ముందే తీసుకోండి, వెనకటి తేదీతో ఎవరూ ఇవ్వరు.

జన్యువుల్లో ఐటీఎస్, మ్యాట్‌కే, ట్రన్‌ఎల్-ఎఫ్ లాంటి రెండు మూడు డీఎన్‌ఏ ప్రాంతాలతో మొదలుపెట్టొచ్చు గానీ, ఆ ఒక్కదాని మీదే ప్రజాతి మార్చకండి. క్లోరోప్లాస్టు వంశవృక్షం సాధారణంగా తల్లి వైపు చరిత్రనే చెబుతుంది, పాత సంకరణం జరిగి ఉంటే అది తప్పుదారి పట్టిస్తుంది. కేంద్రక జన్యువుల చెట్టు, క్లోరోప్లాస్టు చెట్టు వేరుగా వస్తే ఎందుకో చెప్పగలగాలి. వంశవృక్షంలో గణాంక ఆసరా బలహీనంగా ఉన్న కొమ్మ మీద ప్రజాతిని నిలబెట్టడం కన్నా ఆగడం మేలు. పదేళ్లలో రెండుసార్లు పేరు మారితే రైతు నుంచి ఫార్మసీ దాకా అందరూ మనల్నే తిడతారు, తిట్టాలి కూడా.

చెట్టు గట్టిగా వచ్చినా, చూసి గుర్తుపట్టగల లక్షణం ఒకటైనా ఉండాలని నేను పట్టుబడతాను. నియమావళి అడగదు, కానీ అది లేని ప్రజాతిని గుర్తింపు కీలో రాయలేరు, చేలో వాడలేరు.

రాతకు వచ్చేసరికి నియమాలు కచ్చితం. కొత్త ప్రజాతికి లాటిన్‌లో గానీ ఇంగ్లీషులో గానీ వర్ణన లేదా విభేద లక్షణాలు, టైప్ జాతి పేరు ఉండాలి. ఒక్కో జాతిని తరలించేటప్పుడు బేసియోనిం పూర్తిగా ఇవ్వాలి: పేరు, కర్త, ప్రచురణ, సంపుటం, పుట, సంవత్సరం. 1953 జనవరి 1 నుంచి ఇది లేకపోతే కూర్పు చెల్లదు. పుట సంఖ్య వేరేవాళ్ల జాబితా నుంచి ఎత్తి రాయకండి, బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో అసలు పుట తెరిచి చూడండి. "ఒకవేళ ఈ ప్రజాతిని అంగీకరిస్తే దీని పేరు ఇలా ఉండొచ్చు" అని షరతుతో రాస్తే అది ప్రచురితమైనట్టు లెక్కకు రాదు. మీరు నమ్మి, స్వీకరించి రాయాలి. సిద్ధాంత గ్రంథం పీహెచ్‌డీకి సమర్పిస్తే చాలదు, అచ్చయి అందరికీ అందే ప్రచురణలో రావాలి, ఆన్‌లైన్ అయితే ఐఎస్ఎస్ఎన్ లేదా ఐఎస్‌బీఎన్ ఉన్న ప్రచురణలో పీడీఎఫ్ రూపంలో.

లింగం మర్చిపోతుంటారు. ప్రోసోపిస్, నెల్టుమా రెండూ స్త్రీలింగమే కాబట్టి పల్లిడా పల్లిడాగానే ఉంది. అనోనికియం నపుంసకలింగం, అందుకే ఆఫ్రికానా అక్కడ ఆఫ్రికానం అయింది. తరలించే ప్రతి విశేషణ పదానికీ ఇది చూడాలి. మనిషి పేరు మీద షష్ఠీ విభక్తిలో వచ్చినవి మారవు.

ఒక్కోసారి పదాన్ని తరలించడమే కుదరదు. మన చిరుమానే ఉదాహరణ. అనోగైసస్ లాటిఫోలియాను 2017లో టెర్మినేలియాలోకి తెచ్చినప్పుడు లాటిఫోలియా అన్న పదం వాడలేకపోయారు, స్వార్ట్జ్ 1788లోనే జమైకా చెట్టు ఒకదానికి టెర్మినేలియా లాటిఫోలియా అని పెట్టేశాడు. అందుకే చిరుమాను టెర్మినేలియా అనోగైసియానా అనే కొత్త పేరు తెచ్చుకుంది. మీ జాబితాలోని ప్రతి పదాన్నీ గమ్యస్థాన ప్రజాతిలో ముందుగా వెతికాకే వ్యాసం పంపండి. వెతక్కుండా పంపితే మీరు పెట్టిన పేరు చెల్లని సమనామం (వేరే మొక్కకు ముందే ఉన్న పేరు) అవుతుంది, దాన్ని సరిదిద్దే ఇంకొకరి పేరే ఆ మొక్క వెనక నిలుస్తుంది.

మన దేశం నుంచి కొత్తగా వర్ణించిన దేనికైనా జీవవైవిధ్య చట్టం 2002, సెక్షన్ 39 ప్రకారం నిర్దేశిత నిక్షేప సంస్థకు తెలియజేసి వోచర్ నమూనా ఇవ్వాలి. మొక్కలకైతే బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా. హోలోటైప్ (పేరుకు ఆధారమైన అసలు షీటు) హౌరాలోని సెంట్రల్ నేషనల్ హెర్బేరియంలో, ఐసోటైపుల్లో (దాని జంట షీట్లలో) ఒకటి హైదరాబాద్ దక్కన్ ప్రాంతీయ కేంద్రంలో, ఒకటి మీ కాలేజీలో ఉండేలా ఒకే చెట్టు నుంచి, ఒకే రోజు కనీసం నాలుగైదు షీట్లు సేకరించుకోండి. వ్యాసం అచ్చయిన రోజే పీడీఎఫ్‌ను ఐపీఎన్ఐ వారికి పంపండి. మొక్కలకు నమోదు తప్పనిసరి కాదు గానీ, పంపకపోతే మీ పేర్లు సూచికల్లోకి ఎక్కడానికి ఆలస్యమవుతుంది, ఆలోపు ఇంకెవరో అదే కూర్పు ప్రచురించే ప్రమాదం ఉంది.